కొంచెం వంగిన ఎడమ కిడ్నీ

కరోనా తగ్గి, మాస్కులు ముక్కు మీది నుంచి గడ్డం కిందికి జారిన ఏడు అది. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో ఒక పాత భవనం సెల్లారులో మా స్కానింగ్ సెంటర్ ఉంది. పైన చెప్పుల దుకాణం, దాని పైన ఆడిటర్ ఆఫీసు, అడుగున మేము. రిసెప్షన్, డాక్టరు గారి గది మాత్రం పైన, చెప్పుల దుకాణం పక్కన. స్కాన్‌కు ఇరవై రెండు మెట్లు దిగాలి. కిటికీలు లేవు. రోడ్డు మీద బస్సు పోతే గోడ సన్నగా వణుకుతుంది గాని చప్పుడు వినబడదు. అక్కడ న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుగా నాకది తొమ్మిదో ఏడు.

ఈ ఉద్యోగం పేరు వినగానే చాలామంది నాకు రెండడుగులు దూరం జరుగుతారు. భయపడేంత పనేమీ కాదు. ఎక్స్‌రేలో కిరణాలు బయటి నుంచి లోపలికి పోతాయి. మా దగ్గర అది తిరగబడుతుంది. కాస్త రేడియోధార్మికత ఉన్న మందును నరంలోకి ఎక్కిస్తాం. దాన్ని ట్రేసర్ అంటాం. అది ఒంట్లో తనకు కావలసిన చోటు వెతుక్కుని కూర్చుంటుంది. అక్కడి నుంచి వచ్చే కిరణాలను గామా కెమెరా పట్టుకుని తెర మీద చుక్కలుగా పెడుతుంది. మనిషి చీకట్లో వెలుగుతూ పడుకుంటాడు, ఆ సంగతి ఆయనకు తెలియదు, నాకు తెలుస్తుంది. అంతే.

నేను పెరిగింది ఉస్మాన్‌గంజ్‌లో, గోనె సంచులు, సుతిలి తాడు అమ్మే మా నాన్న దుకాణంలో. ఎవరేం చెప్పినా అందులో పావు వంతు కోసి వినడం అక్కడ అబ్బిన విద్య. పెళ్లిచూపుల్లో మా ఆయన ఎత్తు చెబితే కూడా అలాగే కోసి విన్నాను. పీటల మీద పక్కన నిలబడితే గాని నేను కోసింది చాలలేదని తేలలేదు. నా తెలివి మీద నాకున్న నమ్మకం అలాంటిది. ఆ నమ్మకం ఒక మనిషిని ఎక్కడిదాకా తీసుకుపోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ ఏడు మా డాక్టరు వసుంధర గారు ఒక పరిశోధనలో పాలుపంచుకున్నారు. టైప్ వన్ డయాబెటిస్ గురించి. వయసు మీరాక వచ్చే మామూలు షుగర్ కాదు ఇది. ఒంటిని కాపాడవలసిన తెల్లకణాల్లో టి సెల్స్ అనే రకం, ప్యాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాలను పరాయివాటి కింద లెక్కగట్టి చంపేస్తుంది. సొంత ఒంటి మీద ఒళ్లే చేసే దాడి. అలా మేల్కొని దాడికి దిగిన టి సెల్స్‌కు అతుక్కునే ప్రొటీన్ ఒకటుంది. దానికి మా ట్రేసర్‌ను తగిలించి పంపితే, అవి ఎక్కడ గుమిగూడాయో కెమెరాలో కనబడుతుంది. జబ్బున్న మనిషిని, ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువును జంటగా తీసుకుని చూడడం ఆ పరిశోధన పద్ధతి. చిత్రం చదివే డాక్టరుకు పేర్లు తెలియకూడదు. ఒక అంకె, పక్కన ఏ అనో బి అనో ఒక అక్షరం. ఆ అక్షరాలు వేసేది నేను. ఇది ఇంకా రుజువైన పరీక్ష కాదు కాబట్టి ఫలితం ఎవరికీ చెప్పకూడదని సంతకాలు పెట్టించుకున్న కాగితంలోనే ఉంది.

ఉమారాణి, శీను అలా వచ్చిన జంట.

ఉమారాణికి ముప్పై నాలుగేళ్లు. గౌలిగూడలో ఒక బడిలో లెక్కల టీచరు. పదో ఏట టైప్ వన్ వచ్చింది. తమ్ముడు శీను ఆమెకన్నా ఆరేళ్లు చిన్న. నాంపల్లి కోర్టుల ఎదుట టైపింగు, జిరాక్సు దుకాణం. మెట్లు దిగుతూనే నాతో మొదలుపెట్టాడు.

"ఎంతసేపు పండాలె మేడం?"

"సూది ఏసినంక గంట ఆగాలె. తర్వాత బల్ల మీద నలభై నిమిషాలు. కదలొద్దు."

"నలభయ్యా! ముప్పై చెయ్యున్రి."

"నలభై అంటె నలభై."

"ముప్పై అయిదు. మీ మాట కాదు, నా మాట కాదు."

"తమ్మీ, నేను ఉస్మాన్‌గంజ్ బిడ్డను. నాతోని బేరం వెట్టుకుంటె యాభై అయితది."

శీను దండం పెట్టేశాడు. ఉమారాణి నవ్వింది. "వకీళ్ల నడుమ కూసొని కూసొని గిట్లయిండు మేడం. ఇంట్ల పెరుగు ఏసినా వాయిదా అడుగుతడు."

ఆ నవ్వులోనే అసలు విషయం చెప్పింది. ఇరవై నాలుగేళ్ల షుగర్ ఆమె కిడ్నీలను తినేసింది. ఇంకో రెండు మూడు నెలలకు మించి అవి పనిచేయవు. ఈలోగా శీను కిడ్నీ ఒకటి ఆమెకు పెట్టాలని నిర్ణయమైంది. అతని రక్తం, షుగర్, బీపీ అన్నీ చూసి దవాఖానలో సరేనన్నారు. మా దగ్గరే ఇంకో స్కాన్ మిగిలింది, రెండు వారాల తర్వాత.

"ఎడమది ఇస్తున్న మేడం" అన్నాడు శీను, చొక్కా మీద చెయ్యి పెట్టి చూపిస్తూ. "మా అక్కది ఎడమ చెయ్యి వాటం. కుడిది ఇస్తె అలవాటు కాదు."

"పో రా" అంది ఆమె, కళ్లు మాత్రం అతని చెయ్యి పెట్టుకున్న చోటే ఉన్నాయి.

ముందు ఆమెను పడుకోబెట్టాను, తర్వాత అతన్ని. మా గదిలో దీపాలు తగ్గిస్తాం. ఏసీ చప్పుడు తప్ప ఏమీ ఉండదు. కెమెరా తలలు రెండు, మంచమంత పలకలు, మనిషి చుట్టూ చాలా మెల్లగా తిరుగుతాయి. తెర మొదట నల్లగా ఉంటుంది. ఒక చుక్క పడుతుంది. ఎక్కడో దూరంగా ఇంకొకటి. కాసేపటికి ఆ చుక్కలు ఒక ఆకారం కోసం వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. తొమ్మిదేళ్లు చూసినా ఆ మొదటి నిమిషాల్లో నేను ఊపిరి కాస్త బిగబడతాను.

"మేడం, నోరు గూడ కదలొద్దా?" అన్నాడు శీను లోపలి నుంచి.

"నోరు గూడ."

కాసేపాగి, పెదాలు కదపకుండా అడిగాడు. "లోపల ఏమన్న తెలుస్తదా?"

"ఏం తెల్వదు."

"ఔ. ఏం తెలుస్తలేదు."

మర్నాడు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మేము తీసే చిత్రం పెద్దదే, ఛాతీ కింది నుంచి నడుము దాకా వస్తుంది. పరిశోధన వాళ్లకు మాత్రం ప్యాంక్రియాస్ ఉన్న చిన్న పెట్టె చాలు. దాన్ని కత్తిరించి, ముక్కలు ముక్కలుగా పొరలు తీసి పంపాలి. ‘ఏ’ అని అక్షరం వేసిన పెట్టె తెరిచాను. నల్లగా, నిశ్శబ్దంగా ఉంది. బి తెరిచాను.

నా చిన్నప్పుడు ఒకసారి ఏదో బంద్ పిలుపు ఉండింది. మా నాన్న ఆ పిలుపును లెక్కచేయకుండా దుకాణం తెరిచాడు. నేను గోనె కట్ట మీద కూర్చుని చూస్తున్నాను. ఎదుటి అరుగు ముందుకు ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. కాసేపటికి ఇంకొకడు. తర్వాత ఆరుగురు. మాట్లాడుకోవడం లేదు, మా వైపు చూడడం కూడా లేదు. ఊరికే నిలబడ్డారు. ఎండలో వాళ్ల నీడలు మాత్రం మా గడప దాకా వచ్చాయి. మా నాన్న లేచి షట్టర్ దించాడు.

బి పెట్టెలో అలా ఉంది. ప్యాంక్రియాస్ ఉండే చోట, తోక వైపు, చుక్కలు గుమిగూడి నిలబడ్డాయి.

ఏ అంటే ఉమారాణి. బి అంటే శీను. జబ్బున్న మనిషిది నల్లగా ఉండి, జబ్బు లేని మనిషిది వెలుగుతోంది. అప్పుడు నా తెలివి పనిచేసింది. నిన్న శీనుతో నిమిషాల బేరంలో పడి అక్షరాలు తారుమారు కొట్టి ఉంటాను, ఇంకేముంటుంది? దుకాణంలో సంచుల చీటీలు తారుమారైతే ఎవరినీ అడగం. లోపలి సరుకు చూసి చీటీలు మార్చి కట్టేస్తాం. గిరాకీకి తెలిస్తే పరువు పోతుంది. నేనూ అదే చేశాను. కీబోర్డు మీద రెండు అక్షరాలు. ఏ స్థానంలో బి, బి స్థానంలో ఏ. వసుంధర గారిని అడగలేదు. అడిగితే నేను పొరపాటు చేశానని ఒప్పుకోవాలి కదా! పెట్టెలు పంపేసి, పైకి వెళ్లి ఇరానీ చాయ్ తాగి వచ్చాను. చాలా తృప్తిగా ఉండింది.

రెండు వారాల తర్వాత శీను కిడ్నీ స్కాన్‌కు వచ్చాడు. దాతలకు తప్పనిసరిగా చేసే పరీక్ష ఇది. వేరే ట్రేసర్ ఎక్కించి, రెండు కిడ్నీలు చెరి ఎంత పని చేస్తున్నాయో చూస్తాం. ఉమారాణి కూడా వచ్చి పైన రిసెప్షన్‌లో కూర్చుంది. మధ్యాహ్నం పన్నెండు. శీను బల్ల మీద పడుకుని, "ఇయ్యాల ఎంత మేడం? ఇరవయ్యా? చెప్పున్రి, పదిహేనుకు తెంపుదాం" అన్నాడు. నేను నవ్వి దీపాలు తగ్గించాను.

ఈ స్కాన్‌లో కిడ్నీలు తొందరగా వస్తాయి. రెండో నిమిషంలోనే చుక్కలు దగ్గరపడి రెండు చిక్కుడు గింజల ఆకారాలు తేలాయి. కుడిది నిటారుగా ఉంది. ఎడమది కొంచెం వంగి, కింది కొస వెన్ను వైపు తిరిగి ఉంది, ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు.

మనుషుల మొహాలు నేను మరిచిపోతాను. మా మరిది పెళ్లిలో వియ్యపురాలిని వంట మనిషి అనుకుని పప్పులో ఉప్పెక్కువైందని చెప్పాను. కిడ్నీలను మాత్రం మరిచిపోను. దీన్ని నేను చూశాను. ఎక్కడ చూశానో అరక్షణం తోచలేదు. తర్వాత తోచింది. టి సెల్స్ కోసం తీసిన పెద్ద చిత్రంలో. ఆ ప్రొటీన్ మందు కూడా కిడ్నీల గుండానే బయటికి పోతుంది, కాబట్టి అక్కడ కిడ్నీలు బాగా వెలుగుతాయి. మంచి కిడ్నీలైతే.

పక్క కంప్యూటర్‌లో ఆ రోజు పెద్ద చిత్రాలు తెరిచాను. ఒకదానిలో రెండు కిడ్నీలు దీపాల్లా ఉన్నాయి, ఎడమది కొంచెం వంగి. దాని మీద నేను మార్చి వేసిన అక్షరం, ఉమారాణిది. రెండోదానిలో కిడ్నీలు బూడిద పూసినట్టు కనబడీ కనబడకుండా ఉన్నాయి. కిడ్నీలు చెడిపోయిన మనిషి ఎవరో, మంచివెవరివో నాకు మొదటి రోజే తెలుసు. చిన్న పెట్టెలోకి తల దూర్చి దాని బయట ఉన్నదంతా వదిలేశాను. అక్షరాలు నేను మొదట సరిగ్గానే వేశాను. గుంపు నిలబడింది శీను లోపల.

అతను మూడడుగుల దూరంలో, చీకట్లో, కాళ్ల వేళ్లతో ఏదో తాళం వేస్తూ పడుకుని ఉన్నాడు. కెమెరా అతని వీపు కింద నుంచి చూస్తోంది. ఆ రోజటి ట్రేసర్ మర్నాటికే అతని ఒంట్లో లేకుండా పోయి ఉంటుంది. ఇప్పుడు ఏ తెర మీదా ఆ చుక్కలు కనబడవు. కాని అవి అక్కడే ఉన్నాయి. ఎవరికీ కనబడకుండా, మాట్లాడకుండా.

స్కాన్ అయింది. దీపాలు వేశాను. శీను లేచి కూర్చుని నా మొహం చూశాడు. కోర్టు దగ్గర బతికేవాడికి మొహాలు చదవడం కొత్త కాదు.

"ఏంది మేడం గట్లున్నరు? కిడ్నీ మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది. రెండు మంచిగున్నయి."

"మరి?"

చెప్పకూడదు. కాగితంలో ఉంది, ఉద్యోగ ధర్మంలో ఉంది. కాని రెండు వారాలు ఒక అబద్ధం మీద కూర్చున్నానని అప్పుడే తెలిసిన మనిషికి నోరు అదుపులో ఉండదు. చెప్పేశాను. అక్షరాలు మార్చిన సంగతితో సహా. ఇది నమ్మదగిన పరీక్ష అని ఇంకా తేలలేదని, నిజమైతే అతనికీ అక్క జబ్బే రావచ్చని, అప్పుడు ఒక్క కిడ్నీతో మిగిలి ఉంటాడని.

శీను చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. తర్వాత తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"డాక్టర్ మేడంకు తెలుసా?"

"ఇంక తెల్వదు."

"అయితె అది అక్క పేరు మీదనే ఉండనీయున్రి."

"ఏం మాట్లాడుతున్నవ్ శీనూ?"

"అక్కకు షుగర్ ఉన్నదే గద. ఆమె పేరు మీద ఇంకో మచ్చ ఉంటె ఎవరికి నష్టం? మీకు మాట రాదు. అక్కకు కిడ్నీ వస్తది. నాకిప్పుడు ఏమున్నది? ఇరవై నిమిషాలు పండవెట్టి చూసిన్రు, ఏమన్న నొప్పి ఉన్నదా?"

"వస్తదేమో."

"ఎప్పుడు? పదేండ్లకా?"

"తెల్వదు."

"అయిదేండ్లు అనుకుందాం. అయిదేండ్లంటె నేను తయార్. నాలుగైనా తయారే."

"ఆరు నెలలకే రావచ్చు. అసలు రాకపోవచ్చు గూడ."

"రాకపోవచ్చు అన్నరు గద! గదే పట్టుకుందాం మేడం. మీ మాటనే."

బేరాల మధ్య పుట్టిన దాన్ని. ఇరుపక్షాలకూ లాభం కనబడే బేరం దొరికితే మా వీధిలో వెంటనే చెయ్యి కలుపుతారు. ఇది అలాంటిదే. నా తప్పు పూడిపోతుంది, అతని కోరిక తీరుతుంది, పైన కూర్చున్న ఆమె బతుకుతుంది. నష్టపోయేవాడు ఒక్కడే, వాడే ఎదురుగా నిలబడి ధర తగ్గిస్తున్నాడు. నేను కాదనలేదు. ఔననీ అనలేదు. "పైకి పోయి రిపోర్టుకు కూసో" అన్నాను. లోపల మాత్రం, నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, సగం ఒప్పేసుకున్నాను. ఒంటరిగా ఆ గదిలో నిలబడితే, తెర మీద ఆ వంగిన కిడ్నీ ఇంకా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. కంప్యూటర్ కట్టేశాను.

మెట్లెక్కి పైకి వెళ్లాను. శీను బయట రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. ఉమారాణి ఒళ్లో అట్ట పెట్టుకుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

"వాడి కిడ్నీలు మంచిగున్నయా మేడం?"

"మంచిగున్నయి."

ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టింది. "మీ మిషన్ నా చిన్నప్పుడు ఉంటె ఎట్లుండునో అనుకుంట. నాకు వచ్చినప్పుడు ఎవరికి తెల్వలే మేడం. వారం దినాలు నీళ్లు తాగుడే తాగుడు. ఇంట్ల ఎండలకు అనుకున్నరు. బళ్లె బోర్డు మసకమసక కనవడె. ఒకనాడు లేసి చూస్తె దవాఖాన. మూడు దినాలు పోయినయంట. నాకు ఒక్క రాత్రి పోయినట్టే ఉండె."

"ఏమన్న యాదికున్నదా?"

"ఏం లేదు. ఆ మూడు దినాలు నేను ఏడ ఉన్ననో ఇప్పటికి సమజ్ కాదు. మా అమ్మ చెప్తది, శీను గాడు, నాలుగేండ్లోడు, మంచం కాడ నిలవడి నా పేరు పెట్టి పిలుస్తనే ఉన్నడంట. నేను కండ్లు తెరిచే ఉన్ననంట మేడం. వాణ్ని చూస్తనే ఉన్ననంట. మాట్లాడలే."

ఒక పేపరు తిప్పింది. "ఎవరన్న ఒక్క వారం ముందు చెప్తె ఆ మూడు దినాలు నాకు ఉండేవి."

నేను అక్కడి నుంచి తిన్నగా వసుంధర గారి గదికి నడిచాను. ధైర్యంతో కాదు. కళ్లు తెరుచుకుని మాట్లాడకుండా పడుకున్న మనిషి ఈసారి శీను మొహంతో కనబడ్డాడు, అందుకు.

డాక్టరు గారు మొత్తం విన్నారు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"అక్షరాలు మార్చేముందు నన్నెందుకు అడగలేదు సరళా?"

"నా తప్పు బయటపడుతదని మేడం."

"అప్పటికి నువ్వు తప్పే చేయలేదు. సరిగ్గా వేసినదాన్ని దిద్దావు."

ఇద్దరం కిందికి దిగి, కెమెరా తనంతట తాను రాసుకున్న సమయాలు తీసి చూశాం. మొదట ఉమారాణి, తర్వాత శీను. అనుమానమేమీ మిగల్లేదు. నాకు ఒకటే అంతుపట్టలేదు. ఇరవై నాలుగేళ్ల జబ్బు, ఆమెది ఎందుకంత నల్లగా ఉంది?

"చంపడానికి అక్కడ ఏమీ మిగల్లేదు" అన్నారు డాక్టరు గారు, తెర వైపే చూస్తూ. "ఇన్సులిన్ చేసే కణాలు ఎప్పుడో పోయాయి. పనిలేని చోట అవి ఎందుకుంటాయి?"

తర్వాత జరిగినవి వరుసగా చెబుతాను. డాక్టరు గారు పరిశోధన కమిటీకి ఉన్నదున్నట్టు రాశారు. నన్ను ఆ పరిశోధన నుంచి తీసేశారు. కొన్నాళ్లు ట్రేసర్ ముట్టుకోకుండా రిజిస్టర్లు రాశాను. అది నాకు తక్కువ శిక్షే. మా చిత్రం ఒక్కదాన్ని నమ్మి ఎవరినీ కాదనలేరు కాబట్టి శీనును పిలిచి, అతని ఒప్పుదలతో యాంటీబాడీ పరీక్ష చేయించారు. ఒళ్లు తన మీద తానే దాడి మొదలుపెడితే రక్తంలో దొరికే ఆనవాళ్లు అవి. రెండు రకాలు దొరికాయి. కిడ్నీ మార్చే డాక్టర్లు అతన్ని దాతగా ఒప్పుకోలేదు.

శీను నాతో మాట్లాడలేదు. ఆబిడ్స్‌లో ఎదురుపడితే రోడ్డు దాటి అవతలి పక్కకు పోయాడు. ఉమారాణి మాత్రం ఒకరోజు ఒంటరిగా ఆ ఇరవై రెండు మెట్లూ ఆగి ఆగి దిగి వచ్చింది.

"వాడు మీతోని బేరమాడిండంట గద."

"ఔ."

"మీరు ఒప్పుకోలేదంట."

"జరసేపు ఒప్పుకున్నమ్మా. లోపల."

ఆమె కెమెరా బల్ల వైపు చూసింది.

"వాడి కిడ్నీ నాల పెట్టుకున్నంక వాడు పడిపోతె, అది నా లోపలనే కూసొని నన్ను అడుగుతుండె మేడం. పొద్దుమాపు అడుగుతుండె. నేను ఏడికి పోదును?" అంది. మళ్లీ ఆగి ఆగి మెట్లెక్కి వెళ్లిపోయింది. వానాకాలం మొదట్లో ఆమెకు డయాలసిస్ మొదలైంది. కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో పేరుంది. ఈ మాటలు రాసేనాటికీ ఉంది.

ఆ తర్వాతి చలికాలం, నాంపల్లిలో ఎగ్జిబిషన్ నడుస్తుండగా, శీనుకు షుగర్ పెరగడం మొదలైంది. నెలనెలా రక్తం చూస్తూ ఉన్నారు కాబట్టి ముందే పట్టుకున్నారు. అతను పడిపోలేదు. ఒక్కరోజు కూడా అతనికి లేకుండా పోలేదు. ఇన్సులిన్ సూది పొట్టలో ఎలా పొడుచుకోవాలో ఉమారాణే నేర్పిందట, ముందు తనకు తాను పొడుచుకుని చూపించి.

నేను కోర్టు పని మీద నాంపల్లి వెళ్లిన ఒక మధ్యాహ్నం అతని దుకాణం ముందు నుంచి పోవలసి వచ్చింది. తల వంచుకుని దాటిపోతున్నాను.

"మేడం."

ఆగాను. శీను టైపు చేస్తున్న చేతులు ఆపాడు గాని తెర మీది నుంచి చూపు తిప్పలేదు. చిక్కిపోయాడు.

"ఒకటి అడుగుత. అవి ఇంక ఆడనే ఉన్నయా?"

ఏవి అని నేను అడగలేదు. "కొన్ని ఉంటయి శీనూ. నీ ఒంట్ల ఇంక జర ఇన్సులిన్ తయారైతున్నది గద."

"అది గూడ అయిపోతె?"

"పోతయి."

"అప్పుడు మీ మిషన్ల చూస్తె?"

"ఏం కనవడది."

"మంచిగున్నోని లెక్కనే కనవడ్తద?"

"ఔ. గట్లనే."

అతను తలూపి, మళ్లీ టైపు చేయడం మొదలుపెట్టాడు. ఎవరిదో అఫిడవిట్టు.

నాకు ఆ కేసు నేర్పింది అక్కడే, అతని నోటి నుంచే దొరికింది. అంతకుముందు స్కాన్ అయ్యాక బల్ల దిగుతూ ఎవరైనా "ఏమన్న ఉన్నదా మేడం?" అని అడిగితే, తెర నల్లగా ఉంటే, "ఏం లేదు, మంచిగున్నరు" అని భుజం తట్టి పంపేదాన్ని. చెప్పే అధికారం నాకు లేకపోయినా, కొంచెం ఓదార్పు నా వంతు కొసరుగా ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఇవ్వను. ఆ నలుపు ఇంకా ఎవరూ రాని నలుపో, వచ్చి పని ముగించుకుని వెళ్లిపోయిన నలుపో చూసినంత మాత్రాన తెలియదు. "ఏం కనవడలే" అంటాను. అంతవరకే అంటాను. కొందరికి అది చాలదు. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, నేను ఇంకో మాట అంటానేమోనని చూస్తారు.